మా జేజి తెలుగులో అడిగేది

మా జేజికి, అంటే నాయనమ్మకు, అరబ్బీలో నోటికి వచ్చినవి ఖురాన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహా, దాని వెనక చదువుకోవడానికి మూడు నాలుగు చిన్న సూరాలు, నమాజులో వంగే రుకూలో, నుదురు నేలకు ఆనించే సజ్దాలో చెప్పుకునే మాటలు, కూర్చున్నప్పుడు చదివే అత్తహియ్యాతు, ప్రవక్త కోసం చదివే దరూదు, అంతే. ఉర్దూ బొత్తిగా రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. మేం దూదేకుల వాళ్లం, కాగితాల్లో నూర్‌బాషా అని రాస్తారు, పుట్టినప్పటి నుంచి పోయేదాకా మా నోట్లో ఉండేది తెలుగే. అందుకని నమాజు ముగించి రెండు వైపులా సలాం తిప్పి చేతులెత్తిందంటే చాలు, జేజి తెలుగులోకి వచ్చేసేది. అక్కడి నుంచి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా, వాకిట్లో ఎవరో పిలుస్తున్నా, ఆ మాటలు అయ్యేదాకా జేజి లేచేది కాదు.

మా ఊరు నంద్యాలకు దగ్గర్లో ఉంటుంది. నల్లరేగడి నేల, పత్తి, జొన్న, శనగ. ఇంటి ముందు వసారా, వసారాకు పడమటి వైపు గోడ, ఆ గోడ దగ్గర జేజి చోటు. జానిమాజ్, అంటే నమాజుకు పరుచుకునేది, కొన్నది కాదు. పాత దుప్పటిని రెండు మడతలు వేసి మధ్యలో మిగిలిన దూది పరిచి తనే కుట్టుకుంది. మోకాళ్లు ఆనేచోట, నుదురు ఆనేచోట దూది ఇంకాస్త ఎక్కువ పెట్టి దగ్గర దగ్గరగా కుట్లు వేసుకుంది, ఎందుకంటే ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆ పడమటి గోడకు క్యాలెండరు కాదు కదా, మేకు కూడా కొట్టనిచ్చేది కాదు. సున్నం వేసిన ఖాళీ గోడ. చిన్నప్పుడు నేను ఆ దుప్పటి అంచున కూర్చుని, జేజి చేతి వేళ్ల మధ్య నుంచి ఆమె ముఖం చూస్తూ వినేదాన్ని.

ఏమడిగేదని? "అల్లా, మా పెద్దోడికి ఆ కొట్టాయన జీతం పెంచాల. చిన్నోడి పెండ్లాం నీళ్లాడే దినం దగ్గరికొచ్చె, తల్లీ బిడ్డా సులువుగా బయటపడాల. ఎర్రావు నిన్నటి నుంచి గడ్డి ముట్టల్యా, దాని కడుపులో ఏముండాదో నీకు తెలుసు, నాకు తెలీదు, అది నోరు లేని జీవం. పక్కోళ్ల బాయిలో నీళ్లు ఎండనీయొద్దు, మాకూ అవే గదా." ఇట్లా సాగేది. మధ్యలో ఎవరి మీదనైనా కోపం ఉంటే అదీ చెప్పేది, చెప్పి "తప్పయితే మన్నించు, నా కడుపులో ఉన్నది నీకు దాపరికం ల్యా" అని సర్దుకునేది. ఎదురుగా అరుగు మీద కూర్చున్న ఇంటి పెద్దతో మాట్లాడుతున్నట్టే ఉండేది ఆ గొంతు. భయం ఉండేది, చనువూ ఉండేది. ఆ రెండూ ఒకే గొంతులో ఉండగలవని నాకు జేజిని వినే తెలిసింది.

మా అబ్బ, అంటే జేజి భర్త, దూదేకేవాడు. దూలానికి వేలాడగట్టిన పెద్ద విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరాన్ని చెక్కతో కొడితే గదంతా గుంయ్‌మని మోగి, గట్టిపడిన పత్తి విచ్చుకుని పైకి లేచి మెల్లగా కిందికి దిగేది. పరుపులు, దిండ్లు, పెళ్లిళ్ల సీజనులో కొత్త బొంతలు. అబ్బ కనుబొమ్మల మీద ఎప్పుడూ తెల్లగా దూది నూగు ఉండేది. ఆయనకు మసీదులో ఒక పని కూడా ఉండేది. హజరత్, అంటే మా ఊరి ఇమాం, పండక్కో పెళ్లికో తన ఊరికి పోయినప్పుడు ఇమామతుకు, అంటే నమాజు చేయించడానికి, అబ్బ ముందు నిలబడేవాడు. చొక్కా మార్చుకుని, ముఖం చేతులు బాగా కడుక్కుని వజూ చేసి, ముందు వరసలో నిలబడితే ఊరి పెద్ద రైతులూ మండీ వ్యాపారీ ఆయన వెనక నిలబడేవాళ్లు. దీంట్లో వింతేమీ లేదు, ఇస్లాంలో నమాజు చేయించడానికి ఒక కులమో వంశమో అక్కర్లేదు, ఖురాన్ సరిగ్గా చదవగలిగినవాడు ఎవరైనా ముందు నిలబడొచ్చు. కానీ ఊళ్లో మిగతా రోజంతా "దూదేకులోడా" అని పిలిపించుకునే మనిషి ఆ పది నిమిషాలు అందరి ముందు నిలబడటం మా పిల్లలకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. అబ్బ ఇంటికొచ్చి మళ్లీ చొక్కా మార్చుకుని విల్లు పట్టుకునేవాడు.

ఒకసారి మాకు దూరపు చుట్టం ఒకాయన పట్నం నుంచి వచ్చి వారం ఉన్నాడు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పిల్లనిచ్చుకున్న మనిషి. జేజి దువా, అంటే ఆ చేతులెత్తి అడిగేది, వసారాలో వినపడింది. ఆయన ఆమె లేచేదాకా ఆగి, "అత్తా, అల్లా దగ్గర ఎర్రావు గురించి, జీతాల గురించి ఇట్లా తెలుగులో మాట్లాడతారా, అది దువా అవుతుందా, కనీసం ఉర్దూలోనైనా నేర్చుకోవాల" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్లేదు. కానీ జేజి ముఖం మాడిపోయింది. ఆ పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకు సలాం తిప్పాక చేతులెత్తి, పెదాలు కదపకుండా కాసేపు ఉండి, లేచేసింది. రాత్రి ఇషాకూ అంతే. అబ్బ అది చూశాడు. మర్నాడు పొద్దున ఫజర్ అయ్యాక హజరత్‌ను ఇంటికి పిలుచుకొచ్చాడు, టీ ఇచ్చాడు, సంగతి చెప్పాడు.

హజరత్ కర్నూలు మనిషి, ఇంట్లో ఉర్దూ, తెలుగు మాతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకున్నది. ఆయన జేజి వైపు చూడకుండా, తలుపు చాటున ఉన్న ఆమెకు వినపడేట్టు ఒక కథ చెప్పాడు. నేను అబ్బ ఒళ్లో ఉన్నా, అందులో సగం అప్పుడు విన్నది, సగం తర్వాత చదువుకున్నది.

మదీనాలో ఖౌలా బిన్తె సఅలబా అని ఒకామె. ఆమె భర్త ఔస్ ఇబ్న్ సామిత్ పెద్దవాడయ్యాడు, కోపమెక్కువ. ఒకరోజు కోపంలో "నువ్వు నాకు నా తల్లి వీపు లాంటిదానివి" అన్నాడు. అరబ్బుల పాత ఆచారంలో ఆ మాటతో పెళ్లి పోయినట్టే. ఆమె అటు భార్యా కాదు, ఇటు ఇంకో పెళ్లి చేసుకునే దారీ లేదు. ఆమె ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది. ఆయన దగ్గర అప్పటికి దానికి వేరే ఆజ్ఞ లేదు. ఆమె వదల్లేదు, మళ్లీ మళ్లీ వాదించింది, పిల్లల్ని భర్త దగ్గర వదిలితే చెడిపోతారు, నా దగ్గర ఉంచుకుంటే ఆకలితో మాడతారు అంది, నా గోడు అల్లాహ్‌కే చెప్పుకుంటున్నా అంది. ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా అదే ఇంట్లో ఓ మూల ఉన్నారు, ఆమె మాటల్లో కొన్ని తనకే వినపడలేదని ఆవిడే చెప్పారు. కానీ ఏడు ఆకాశాల పైన వినపడింది. "తన భర్త విషయంలో నీతో వాదిస్తూ అల్లాహ్‌కు మొరపెట్టుకుంటున్న స్త్రీ మాటను అల్లాహ్ విన్నాడు" అని వాక్యం దిగింది. అదే 58వ సూరా మొదలు, ఆ సూరా పేరే ముజాదిలా, వాదించిన ఆమె అని. ఆ వెంటనే ఆ పాత ఆచారం తప్పని చెప్పి, అట్లా అన్న మగవాడు భార్యను మళ్లీ ముట్టుకునే ముందు బానిసకు విడుదల ఇవ్వాలి, అది కుదరకపోతే వరసగా రెండు నెలలు ఉపవాసాలుండాలి, అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు అన్నం పెట్టాలి అని శిక్ష వేసింది ఖురాన్.

హజరత్ ఇది చెప్పి, నమాజు మాత్రం ప్రవక్త నేర్పిన అరబ్బీలోనే, అది ప్రపంచంలో అందరికీ ఒకటే; అది అయ్యాక చేతులెత్తి అడుక్కునేది ఎవరి భాషలో వాళ్లు అడుక్కోవచ్చు, అన్ని భాషలూ ఆయన చేసినవే అన్నాడు. "చెప్పు వారు తెగినా అల్లాహ్‌నే అడగమన్నారు, ఎర్రావు గురించి అడిగితే తప్పేముందమ్మా" అన్నాడు. ఆ చుట్టం కూడా అక్కడే ఉన్నాడు, తల ఊపాడు. జేజి తలుపు చాటు నుంచి ఒకే మాట అడిగింది, "ఆయమ్మ మొగుడు తర్వాత బాగా చూసుకున్నాడా?" అని. హజరత్ కాసేపు ఆలోచించి, కలిసే ఉన్నారు అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం జుహర్‌కు జేజి దువా మామూలు కంటే చాలా పొడుగు. రెండు పూటల బాకీ కదా.

హజరత్ గురించి ఇంకొంచెం చెప్పాలి. సాయంత్రం అసర్ తర్వాత మసీదు వరండాలో మాకు అరబ్బీ బడి. పిల్లలం ఫాతిహాను ఒక్క ఊపిరిలో చదివి అప్పగించేవాళ్లం, ఏడు వాక్యాలూ కలిపేసి. ఆయన బెత్తంతో నేల మీద తట్టి "ఆగు, జవాబు వస్తాది" అనేవాడు. ఆ జవాబేంటో కూడా చెప్పాడు, సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఉన్న హదీసు, అంటే ప్రవక్త మాట, అది. నమాజును నాకూ నా దాసుడికీ మధ్య రెండు సగాలు చేశానంటాడు అల్లాహ్. దాసుడు "అల్‌హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్" అంటే, నా దాసుడు నన్ను స్తుతించాడు అంటాడు. రెండో వాక్యానికీ మూడోదానికీ కూడా ఆయన మాట ఉంది. "నిన్నే ఆరాధిస్తున్నాం, నిన్నే సాయం అడుగుతున్నాం" అనేసరికి, ఇది నాకూ నా దాసుడికీ మధ్య విషయం, అతను అడిగింది అతనికి దొరుకుతుంది అంటాడు. ఇది విన్న రోజు నుంచి నేను ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఊపిరి పీల్చుకుని, తర్వాతిది మొదలుపెట్టేదాన్ని. ఇప్పటికీ అంతే. రోజుకు తప్పకుండా చేయాల్సిన ఫర్జ్ రకాతులే, అంటే నమాజు విడతలే, 17, ప్రతి రకాతులో ఫాతిహా ఉంది. అన్నిసార్లు మనం ఒక మాట అంటే అవతలి నుంచి ఒక మాట వస్తున్నదని తెలిశాక దాన్ని గబగబా చదివేయడం నావల్ల కాదు.

పిల్లలం పోటీపడి ఆమీన్ అని అరిస్తే కూడా ఆయన ఊరుకునేవాడు కాదు. ప్రయాణంలో సహాబాలు, అంటే ప్రవక్త సహచరులు, గట్టిగా అరుస్తూ అల్లాహు అక్బర్ అని తక్బీర్ చెబుతుంటే ప్రవక్త వాళ్లను ఆపి, మీరు పిలుస్తున్నది చెవిటివాణ్ని కాదు, లేనివాణ్ని కాదు, వింటున్నాడు, దగ్గరే ఉన్నాడు అన్నారట. ఇది బుఖారీ హదీసుల్లో ఉంది. రంజాన్‌లో రాత్రి తరావీహ్ నమాజు తర్వాత హజరత్ ఉపవాసాల వాక్యాలు చెప్పేవాడు, రెండో సూరాలో 183 నుంచి. ఉపవాసం ఎవరికి, జబ్బు చేసినవాళ్లు ఏం చేయాలి, ప్రయాణంలో ఉంటే ఏం చేయాలి అని చెప్పుకుంటూ చెప్పుకుంటూ నడుమ 186వ వాక్యంలో ఉన్నట్టుండి, నా దాసులు నా గురించి నిన్ను అడిగితే నేను దగ్గరే ఉన్నాను, పిలిచేవాడు పిలిస్తే పలుకుతాను అని వస్తుంది. ఖురాన్‌లో వేరేచోట్ల జనం ఏదైనా అడిగితే, నెలవంక గురించో దానం గురించో, "వాళ్లతో ఇట్లా చెప్పు" అని ప్రవక్త చేత చెప్పిస్తాడు. ఇక్కడ అట్లా లేదు, తనే నేరుగా జవాబు చెబుతాడు. ప్రవక్తను కూడా ఆ ఒక్క జవాబుకు మధ్యలో పెట్టలేదు చూడండి అనేవాడు హజరత్, చెబుతుంటే ఆయన గొంతు బొంగురుపోయేది. ఏటా పోయేది.

ఇదంతా చదివి మా జేజి దర్గాలకు వెళ్లని మనిషనుకోవద్దు. కడప పెద్ద దర్గాకు ఇంటిల్లిపాదీ పోయిన జ్ఞాపకం ఉంది, మలీదా చేసి ఫాతిహా చదివించిన జ్ఞాపకం ఉంది. పీర్ల పండక్కి మా ఊళ్లో పీర్లను ఎత్తేది సగం మంది బోయవాళ్లూ రెడ్లూ. చావిడి ముందు అలాయి గుండం చుట్టూ ఊరంతా ఉండేది, జేజి కూడా పిల్లల్ని ఎత్తుకుని నిలబడేది. దీని మీద మనవాళ్లలో ఎంత వాదన ఉందో నాకు తెలుసు, ఆ వాదనలోకి నేను పోను, ఎందుకంటే నేను చూసింది వేరు. జేజి దర్గాలో సమాధి ముందు తలవంచి సలాం చెప్పేది, ఆ మహానుభావుడి కోసం ఫాతిహా చదివేది, తర్వాత పక్కకు జరిగి, ఓ స్తంభం వెనక్కి పోయి, చేతులెత్తి "అల్లా, ఎర్రావు..." అని మొదలుపెట్టేది. అడగడం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎవరినీ మధ్యలో పెట్టుకున్నట్టు నాకు గుర్తు లేదు. నేను పెద్దయ్యాక అడిగితే, "వాళ్లూ ఆయన్నే అడిగినారు గదా పాపా" అంది, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పత్తి మొలకలు వేలెడు లేచి ఆగిపోయాయి. ఊరి మగవాళ్లంతా మసీదు వదిలి బయట బీడులో ఎండలో నిలబడి వాన నమాజు చేశారు. రెండు రకాతులు. తర్వాత హజరత్ భుజం మీది బట్టను తిరగేసి వేసుకున్నాడు, వెనక ఉన్నవాళ్లు తువ్వాళ్లు తిరగేసుకున్నారు, అది ప్రవక్త చేసి చూపిన పద్ధతే. చేతుల వెనక భాగం ఆకాశం వైపు పెట్టి అడిగారు. గట్టు మీద ఊరివాళ్లు, మావాళ్లు కానివాళ్లు, చెప్పులు విడిచి నిలబడ్డారు. ఆ రోజు వాన రాలేదు. ఆ వారమూ రాలేదు. ఆ పంట పోయింది, ఆ ఏడు అబ్బకు బొంతల పనీ లేదు. ఇంట్లో ఎవరో విసుక్కుంటే జేజి అన్నమాట: "అడిగేది మన పని. ఇచ్చేది మన పని కాదు." ఆమె అడగడం మాత్రం ఆపలేదు, ప్రతి నమాజుకూ అదే వాన, అదే పక్కోళ్ల బాయి.

దూది నూగు అబ్బ రొమ్ములో చేరింది. నాకు ఊహ తెలిసేసరికే దగ్గు ఉంది, నేను హైస్కూలుకు వచ్చేసరికి విల్లు పట్టుకుంటే ఆయాసం. ఆ రోజుల్లోనే పట్నంలో మిషన్లు వచ్చాయి, ఆ తర్వాత ఫోమ్ పరుపులు, మా పని ఎట్లాగూ తగ్గుతూ వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రికి తిప్పారు, మందులు తెచ్చారు. జేజి తహజ్జుద్‌కు, అంటే రాత్రి నిద్ర లేచి చేసే నమాజుకు, లేవడం అప్పుడే మొదలైంది. రాత్రి మూడో భాగం మిగిలినప్పుడు అల్లాహ్ ఈ దగ్గరి ఆకాశానికి దిగి, అడిగేవాడెవరు ఇస్తాను, క్షమించమనేవాడెవరు క్షమిస్తాను అంటాడని హదీసు. అది హజరత్ చెప్పగా విని పట్టుకుంది. జేజికి మూసిన గదిలో నిద్ర పట్టదు, ఊపిరాడదని ఎండాకాలమైనా చలికాలమైనా వసారాలోనే మంచం, నేను ఆమె పక్కనే. చెంబులో నీళ్లతో వజూ చేస్తుంటే ఆ నీళ్లు నేల మీద పడే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. దుప్పటి కప్పుకునే వినేదాన్ని. పగటి దువాలో అందరూ ఉండేవాళ్లు, ఈ రాత్రి దువాలో అబ్బ ఒక్కడే. "ఆయనకు ఊపిరి సాలడంల్యా అల్లా. దూది ఏకినోడు, ఎవర్నీ మోసం చేయలేదు. దిండులో సెత్త పెట్టి కుట్టలేదు. నాకు తెలిసినంత నేను చెప్తా ఉండా, నీకు అంతా తెలుసు." దిండులో చెత్త పెట్టి కుట్టలేదు అనే మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఒక మనిషి జీవితం మొత్తానికి సాక్ష్యం అది, ఇంతకంటే పెద్ద సిఫారసు నేను వినలేదు.

అబ్బ చలికాలంలో పోయాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జేజి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో, అంటే భర్త పోయిన ఆడమనిషి పాటించే గడువులో, కూర్చుంది. నమాజు ఒక్కటీ వదల్లేదు. కానీ సలాం తిప్పాక చేతులెత్తేది, ఊరికే ఉండేది, ముఖానికి రాసుకుని దించేసేది. మాట లేదు. మా అమ్మ భయపడింది, నాయన హజరత్‌తో చెప్పాడు. హజరత్ ఈసారి కథలేమీ చెప్పలేదు, "చేతులు ఎత్తుతున్నది కదా, చాలు, వదిలేయండి, వాళ్లిద్దరి మధ్యా మనం పోకూడదు" అన్నాడు. నాకు ఆ జవాబు ఇప్పుడు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. మతం తెలిసిన మనిషి, ఊరికి ఇమాం, తనకు చెప్పే హక్కు ఉన్నా ఒక ముసలామె దుఃఖానికీ దేవుడికీ మధ్యలోకి అడుగు పెట్టలేదు.

కొన్నాళ్లకు ఓ ఫజర్ తర్వాత, నేను పుస్తకాలు సర్దుకుంటుంటే, వసారాలోంచి మాట వినపడింది. "అల్లా, ఆ పెండ్లోళ్లు రెండు పరుపుల పైసలు ఇంకా ఈయల్యా. ఆయన రాసిపెట్టిన చిటీ యాడ పెట్టినాడో తెలీదు. నువ్వే గుర్తుచేయాల, నాకో, వాళ్లకో." మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గర నిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. చీటీ దొరికిందా అంటే దొరకలేదు. ఆ పెళ్లివాళ్లు పండగ ముందు వాళ్లంతట వాళ్లే తెచ్చిచ్చారు. అడగకపోయినా తెచ్చేవాళ్లేమో, మంచివాళ్లే. జేజికి మాత్రం అందులో అనుమానమే లేదు.

మా నాయన తెలుగు ఖురాన్ తెచ్చింది ఆ తర్వాతి రంజాన్‌కు. తెలుగులోకి ఖురాన్‌ను మొట్టమొదట తెచ్చింది చిలుకూరి నారాయణరావుగారని, మా సీమలోనే అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడని నాయన చాలా గౌరవంగా చెప్పేవాడు. ఓ బ్రాహ్మణ పండితుడు కూర్చుని మా గ్రంథాన్ని మా భాషలోకి తేవడం ఆయనకు ఎంత ముచ్చటో. మా ఇంటికి వచ్చింది తర్వాత వచ్చిన వేరే అనువాదం. రోజూ ఇఫ్తార్‌కు ముందు నాయన చదివేవాడు, జేజి ఖర్జూరాలు పళ్లెంలో పెడుతూ వినేది. అరబ్బీ వింటున్నప్పుడు ఉండే నిశ్శబ్దం ఉండేది కాదు ఈ వినడంలో, మాటమాటకూ మాట్లాడేది. జకరియ్యా ప్రవక్త మెల్లని గొంతుతో దేవుణ్ని పిలిచి, నా ఎముకలు బలం తప్పాయి, తల నెరిసి మెరుస్తోంది, నిన్ను అడిగి నేనెప్పుడూ ఉత్త చేతులతో పోలేదు అని చెప్పుకున్న చోట, "సూడు, ఆయన గూడా ముందు ఒంటి బాధలు చెప్పుకున్నాడు, తర్వాతే బిడ్డను అడిగినాడు" అంది.

మూసా ప్రవక్త కథ అయితే మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఈజిప్టు నుంచి పారిపోయి మద్యన్ చేరతాడు. బావి దగ్గర కాపరులంతా మందలకు నీళ్లు పెడుతుంటే ఇద్దరు ఆడపిల్లలు తమ గొర్రెల్ని ఆపుకుని దూరంగా నిలబడి ఉంటారు. వాళ్ల గొర్రెలకు నీళ్లు తోడిపెట్టి, పోయి నీడలో కూర్చుని, ప్రభూ, నువ్వు నా మీదికి ఏ మేలు దించినా దానికి నేను పేదవాణ్నే అంటాడు. ఇది 28వ సూరాలో 24వ వాక్యం. ఇల్లు కావాలనలేదు, తిండి కావాలనలేదు. ఆ తర్వాతే ఆ పిల్లల్లో ఒకమ్మాయి సిగ్గుపడుతూ నడిచొచ్చి మా నాన్న పిలుస్తున్నాడంటుంది, ఇల్లూ పనీ పెళ్లీ అన్నీ అక్కడే కుదురుతాయి. జేజి ఈ దువాను తన దువాలో కలుపుకుంది. అరబ్బీలో నేర్పిస్తానని నేనంటే నేర్చుకుంది కూడా, "రబ్బి ఇన్నీ లిమా అన్‌జల్త ఇలయ్య మిన్ ఖైరిన్ ఫకీర్", కానీ అది చెప్పాక వెంటనే తెలుగులో "నువ్వేం పంపినా సరే అల్లా, నాకు లేనిదే" అని తనది ఒకటి చేర్చేది.

ఎదురింటి పెద్దమ్మ, వాళ్లు రెడ్లు, కొడుకు గల్ఫ్‌కు పోయి ఉత్తరం రాక నెలలు దాటితే జేజి దగ్గరికి వచ్చి "వదినా, మీ అల్లాకు నువ్వు చెప్పు, నీ మాట వింటాడు" అంది. జేజి చెప్తాలే అంది, ఆ పిల్లవాడి పేరు పెట్టి ఆ రోజే అడిగింది, నేను విన్నాను. కానీ పెద్దమ్మ లేచి పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "నేను అడుగుతా, నువ్వూ అడుగు. నీ బిడ్డ గురించి నీకంటే నేను బాగా చెప్తానా? నీ మాట ఆయనకు తెలీదా ఏం?" అంది. పెద్దమ్మ "నాకు మీ మాదిరి చదవడం రాదే" అంటే "నాకు మాత్రం యాడొచ్చు, తెలుగే గదా అడిగేది" అంది. తర్వాత చాలా ఏళ్లకు పెద్దమ్మ ఇది నాకు చెప్పి, మీ జేజి నాకు ఆ ధైర్యం ఇచ్చిపోయిందమ్మా అంది.

నేను హైదరాబాదులో ఉద్యోగానికి వచ్చాక రూములో ఉన్న అమ్మాయిలు ఉర్దూలో చక్కగా, పాఠం ఒప్పజెప్పినంత అందంగా దువా చేసేవాళ్లు, వినడానికి ఎంతో బాగుండేది. నేను తెలుగులోనే అడిగాను. జీతం, రూము అద్దె, అమ్మ షుగరు, ఆఫీసులో టెన్షన్, అన్నీ. ఇప్పుడు మా పాప పదో తరగతి, అది సగం ఇంగ్లీషు మాటలు కలిపి ఫిజిక్స్ పేపరు గురించి మాట్లాడుతుంది ఆయనతో. మొన్న వాళ్ల నాన్న ఏదో సరిచేయబోతే నేను వద్దన్నాను. సజ్దాలో ఉన్నప్పుడే దాసుడు తన ప్రభువుకు అన్నిటికంటే దగ్గరగా ఉంటాడని హదీసు, ఆ దగ్గరితనంలో పిల్ల ఏ మాట వాడాలో మనం చూసుకోనక్కర్లేదు.

జేజి రంజాన్ అయిపోయిన నెలలో పోయింది. ఆ జానిమాజ్‌ను మా అత్త తీసుకుంది, దాని మీద ఆమె హక్కు ఎక్కువ. నేను ప్రతి ఇషా తర్వాత ముందు ఖురాన్ నేర్పిన మాట చెబుతాను, ప్రభూ, వాళ్లు నన్ను చిన్నప్పుడు పెంచినట్టే నువ్వు వాళ్ల మీద దయ చూపు అని, అమ్మానాయనల కోసం, అబ్బ కోసం, జేజి కోసం. తర్వాత తెలుగులోకి వస్తాను. అబ్బ దిండులో చెత్త పెట్టి కుట్టలేదని జేజి చెప్పిన సాక్ష్యాన్ని మళ్లీ చెబుతాను. జేజి గురించి అయితే ఒకటే అడుగుతాను: అల్లా, మా జేజికి మూసిన గదిలో ఊపిరాడదు, నీకు తెలుసు, ఆమెకు చోటు బాగా ఎక్కువ ఇయ్యి, గాలి వచ్చేట్టు చూడు, అబ్బను దగ్గర్లోనే పెట్టు.